నాన్న గొంతును ఏఐతో మళ్ళీ పలికించాలా? మనసు ఒప్పుకోవడం లేదు, సలహా కావాలి

మూడోమెట్టు (చర్చ మొదలుపెట్టినవారు)

నాన్న పోయి మూడేళ్ళు దాటింది. ఆయన గొంతు నా దగ్గర ఒకే ఒక్క చోట మిగిలింది, పాత ఫోన్‌లో 41 సెకన్ల వాయిస్ మెసేజ్. అందులో పెద్ద విషయమేమీ లేదు. "ఏరా, నీ కాగితాలు బీరువా పై అరలో పెట్టాను, కింద వెతుకుతూ కూర్చోకు" అని మొదలుపెట్టి, మధ్యలో దగ్గి, అంతలో ఎవరో తలుపు కొడితే "ఆ, వస్తున్నా" అని అటు తిరిగి అరిచి, నాకు ఉంటానని కూడా చెప్పకుండా ఆపేశారు. నెలకోసారైనా వింటాను. ఈమధ్య భయం పట్టుకుంది. ఆ 41 సెకన్లు తప్ప ఆయన అన్న ఇంకే మాటా నాకు ఆయన గొంతులో వినబడటం లేదు. మాటలన్నీ గుర్తున్నాయి, గొంతే లేదు.

వచ్చే నెల చెల్లి పెళ్ళి. ఆ మెసేజ్ ఇస్తే ఏఐతో నాన్న గొంతు తయారుచేస్తారట, ఏం రాసిస్తే అది ఆయనలాగే పలుకుతుందట, పెళ్ళిరోజు ఆ గొంతుతో రెండు మాటలు వినిపించాలని దాని కోరిక. అమ్మ అవుననీ కాదనీ అనడం లేదు. నాకు మాత్రం మనసు ఒప్పుకోవడం లేదు, ఎందుకు ఒప్పుకోవడం లేదంటే జవాబు చెప్పలేకపోతున్నాను. దేవుడు, పరలోకం లాంటివాటి మీద నాకు గట్టి నమ్మకం లేదు, అలాగని ఏమీ లేదని తేల్చుకున్నదీ లేదు. ఆయన ఎక్కడో ఉండి ఇది వింటే ఏమనుకుంటారోనన్న టెన్షన్ మాత్రం ఉంది. మీలో ఎవరైనా ఇలాంటిది చేశారా? చేయకపోయినా, మీకేమనిపిస్తుందో చెప్పండి.

కోడ్‌రాసేవాడు

నేను ఈ రంగంలోనే పనిచేస్తున్నాను, ముందు సాంకేతికంగా ఏం జరుగుతుందో చెప్తాను. 41 సెకన్లు సరిపోతాయి, ఇప్పుడున్న చాలా టూల్స్‌కి నిమిషం లోపు ఆడియో చాలు. కాకపోతే శుభ్రంగా ఉండాలి, అంటే ఆ దగ్గు, తలుపు చప్పుడు, అటు తిరిగి అరిచిన ముక్క అన్నీ కత్తిరించేయాలి. వచ్చే గొంతు మొదటిసారి వింటే ఒళ్ళు జల్లుమంటుంది. రెండోసారి, మూడోసారి వింటుంటే తేడా తెలుస్తుంది, ఎందుకంటే గొంతు వస్తుంది గానీ మాట తీరు రాదు. ఆయన ఎక్కడ ఆగుతారో, ఏ మాట నొక్కి పలుకుతారో, కోపమొస్తే గొంతు పెంచుతారో తగ్గిస్తారో అంత చిన్న ముక్కలో ఉండదు కదా, ఆ ఖాళీలన్నీ మెషిన్ వేరేవాళ్ళ గొంతుల నుంచి నేర్చుకున్నదానితో నింపేస్తుంది.

2020లో దక్షిణ కొరియాలో ఒక టీవీ డాక్యుమెంటరీ కోసం, జబ్బుతో పోయిన ఏడేళ్ళ పాప రూపాన్ని వర్చువల్ రియాలిటీలో తయారుచేసి తల్లికి చూపించారు. తల్లి కళ్ళకు హెడ్‌సెట్, చేతులకు గ్లవ్స్ పెట్టుకుని గాల్లో బిడ్డ చెంప తడుముతుంటే పక్కన కూర్చున్న కుటుంబమంతా ఏడ్చింది. ఆ తల్లికి దానివల్ల ఊరట దొరికిందనే చెప్పింది. కాబట్టి ఇది తప్పని నేను అనను. ఏం చేసినా ముందు ఒక పని చేయండి, ఆ ఫైల్‌ని ఇవాళే మూడు చోట్ల కాపీ చేసి పెట్టండి. పాత ఫోన్ చెడిపోతే తర్వాత ఎవరూ ఏమీ చేయలేరు.

తర్కం_మాత్రమే

చనిపోయాక ఏమీ లేదు. నిద్రలోకి జారుకుంటాం, లేవడం ఉండదు. రెండు వేల ఏళ్ళకు పైగా క్రితమే గ్రీకు తత్వవేత్త ఎపిక్యూరస్ తేల్చి చెప్పాడు, మనం ఉన్నంతసేపు చావు లేదు, చావు వచ్చాక మనం లేమని. మీ నాన్నగారికి బాధపడే మనసు ఇప్పుడు లేదు, కాబట్టి ఆయనకు నష్టం జరిగే ప్రశ్నే లేదు. బతికున్న చెల్లెలికి సంతోషం దొరుకుతుందా లేదా అన్నదొక్కటే చూడండి. దొరికేట్టయితే చేయండి. ఇంత మథనపడటం అనవసరం.

పాతలిపి

తర్కం గారూ, ఎపిక్యూరస్ పేరెత్తారు కాబట్టి ఆయన గురించి ఇంకో సంగతి కూడా చెప్పాలి. క్రీ.పూ. 270లో పోయాడు. పోయే ముందు వీలునామా రాశాడు, అది ఇప్పటికీ దొరుకుతుంది. ఏటా తన పుట్టినరోజు జరపాలనీ, ప్రతినెలా 20వ తేదీన శిష్యులంతా ఒకచోట కూడి తననూ, తనకంటే ముందే పోయిన స్నేహితుడు మెట్రోడోరస్‌నూ తలచుకోవాలనీ అందులో ఉంది. చావు మనకు సంబంధించినది కాదని జీవితమంతా బోధించినవాడు తన తర్వాత జరగాల్సిన తలపోతకు తేదీతో సహా ఏర్పాటు చేసి వెళ్ళాడు. ఆ ఆచారం ఆయన శిష్యుల్లో వందల ఏళ్ళు నడిచింది. నేను ఆయన్ని తప్పుపట్టడానికి చెప్పడం లేదు. పరలోకం లేదనుకున్నంత మాత్రాన ఈ ప్రశ్న తెగిపోదని చెప్తున్నాను.

తర్కం_మాత్రమే

వీలునామా సంగతి నాకు తెలియదు, చదువుతాను. అయినా అది మిగిలిన స్నేహితుల కోసమే అయ్యుండొచ్చు కదా, నెలకోసారి కలవడానికి వాళ్ళకో కారణం ఇచ్చాడు. ఒప్పుకుంటాను, "అనవసరం" అన్న మాట తొందరపడి వాడాను.

చెట్టునీడ

బాబూ, నా వయసు డెబ్భై దాటింది. ఆత్మ ఉందని, ఈ ఒంటితో కథ అయిపోదని నేను నమ్ముతాను. ఎవరినీ ఒప్పించాలని ఇక్కడికి రాలేదు. నచికేతుడు యముడి గుమ్మంలో మూడు రాత్రులు పడిగాపులు పడి అడిగిన ప్రశ్న నీ ప్రశ్నే. పోయిన మనిషి గురించి కొందరు ఉన్నాడంటారు, కొందరు లేడంటారు, ఏది నిజమో చెప్పు అన్నాడు. యముడు వెంటనే చెప్పలేదు. దేవతలకే దీనిమీద అనుమానం ఉండేది, ఇంకేదైనా వరం అడుగు, ఏనుగులిస్తాను గుర్రాలిస్తాను నూరేళ్ళు బతికే కొడుకుల్నీ మనవల్నీ ఇస్తాను అన్నాడు. చావుకు అధిపతే తప్పించుకోవాలని చూసిన ప్రశ్న. కాబట్టి నువ్వు తేల్చుకోలేకపోతున్నావని చిన్నబుచ్చుకోకు.

నమ్మకమున్నవాడిగా నాకు తోచింది ఒకటే. ఆయన ఎక్కడో ఉన్నారనుకుంటే, ఆయన నోట మనం మాటలు పెట్టడం మర్యాద కాదు. బతికున్న మనిషి సంతకం మనం పెట్టేస్తామా?

రాత్రిడ్యూటీ

నేను నర్సుని. ఇక నయం కాదని తేలిన రోగుల వార్డులో 14 ఏళ్ళుగా చేస్తున్నాను. ఈ పనిలోకి రాకముందు, చివరి రోజుల్లో అందరూ దేవుడి గురించీ పైలోకం గురించీ మాట్లాడతారనుకునేదాన్ని. కొందరు మాట్లాడతారు. ఎక్కువమంది చాలా చిన్న విషయాలు అడుగుతారు. కుట్టు మెషిన్ ఎవరికివ్వాలి, మొక్కలకు నీళ్ళు ఎవరు పోస్తారు, నా కళ్ళజోడు పారేయకుండా ఉంచుతారా. ఒకావిడ తన చేతిరాతలో ఉన్న ఫోన్ నంబర్ల పుస్తకం దిండు కింద పెట్టుకునేది. అందులో సగం మంది అప్పటికే పోయారు, ఆ పేర్ల పక్కన పెన్సిల్‌తో చిన్న చుక్క పెట్టింది, ఒక్కటీ కొట్టేయలేదు. కొట్టేయొచ్చు కదమ్మా అంటే, "కొట్టేస్తే నంబరుతో పాటు మనిషి కూడా పోయినట్టుంటుంది" అంది.

తమ్ముడూ, గొంతు మర్చిపోతున్నానన్న భయం చాలా మందికి వస్తుంది, మీరొక్కరే కాదు. ఇంకో సంగతి. దుఃఖానికి అయిదు దశలుంటాయని, చివరికి ఒప్పుకుని ముందుకు సాగిపోవాలని అందరూ చెప్తుంటారు. 1969లో ఆ దశలు రాసిన మానసిక వైద్యురాలు కూబ్లర్-రాస్ మాట్లాడింది చనిపోబోతున్న రోగులతో. ఇంట్లో మనిషిని పోగొట్టుకున్నవాళ్ళు ఆ మెట్లన్నీ వరసగా ఎక్కాలన్న లెక్క తర్వాత జనం కట్టుకున్నది. 1990ల నుంచి ఈ రంగంలో ఆలోచన బాగా మారింది. పోయినవాళ్ళతో బంధం తెంచుకోనక్కర్లేదు, దాని రూపం మారుతుందంతే అంటున్నారు. మూడేళ్ళయినా మెసేజ్ వింటున్నావా అని ఎవరైనా అంటే పట్టించుకోకండి. తిండీ నిద్రా పనీ అన్నీ పాడయ్యేంతగా బాధ ఏడాది దాటినా తగ్గకపోతే మాత్రం డాక్టర్‌తో మాట్లాడాలి, దానికి చికిత్స ఉంది.

ఏఐ గొంతు గురించి అడిగారు కాబట్టి ఒకటి గుర్తొచ్చింది. జపాన్‌లో ఓట్సుచి అనే సముద్రతీర పట్నంలో ఒకాయన తన తోటలో తెల్లటి ఫోన్ బూత్ పెట్టుకున్నాడు. లోపల డయల్ తిప్పే పాత నల్ల ఫోన్, దానికి వైరు కనెక్షన్ లేదు. 2010లో జబ్బుతో పోయిన తన బంధువుతో మాట్లాడుకోవడానికి పెట్టుకున్నది. 2011 మార్చి 11 సునామీలో ఆ పట్నంలో వెయ్యిమందికి పైగా పోయారు. అప్పటి నుంచి వేలమంది అక్కడికెళ్ళి, పోయినవాళ్ళ నంబర్ తిప్పి మాట్లాడి వస్తున్నారు. అటునుంచి ఎవరూ పలకరు. పలకరని తెలిసే వెళ్తారు. మీ చెల్లి అనుకుంటున్నది దీనికి సరిగ్గా తిరగేసినట్టుంది, అందులో పోయినవాళ్ళే మాట్లాడతారు, మనం చెప్పాల్సింది చెప్పడానికి చోటుండదు. తప్పని కాదు. మీ చెల్లికి నాన్న మాట వినాలనుందా, నాన్నతో మాట్లాడాలనుందా అని ఒకసారి అడిగి చూడండి.

చేదునిజం

ఇక్కడ అందరూ మంచి నాన్నల గురించి మాట్లాడుతున్నారు. మా నాన్న అమ్మని కొట్టేవాడు. పదేళ్ళు చూశాను. పోయినరోజు ఇంటికొచ్చిన ప్రతి మనిషీ "దేవుడి లాంటి మనిషి" అన్నారు. ఆ మాట అన్నవాళ్ళలో మా అమ్మ ఏడుపు గోడ అవతల నుంచి విన్నవాళ్ళూ ఉన్నారు. అమ్మ ఆ మాట వింటూ కూర్చుంది, తల కూడా ఎత్తలేదు.

పోయినవాళ్ళ గురించి చెడు మాట్లాడకూడదంటారు. ఎవరి కోసం ఆ రూలు? నేను ఆయన మీద పగతో రాయడం లేదు, ఆయన నాకు సైకిల్ నేర్పించిన సాయంత్రం కూడా నాకు గుర్తుంది, వెనక సీటు పట్టుకుని ఆయాసపడుతూ పరిగెత్తాడు. రెండూ ఒకే మనిషి. కానీ రెండూ కలిపి చెప్పుకునే చోటు నాకు ఎక్కడా దొరకలేదు. మంచి ముక్క చెప్తే అమ్మకి అన్యాయం చేసినట్టుంటుంది, చెడు చెప్తే అందరూ నన్ను అదోలా చూస్తారు. రేపు మెషిన్ల చేత మాట్లాడించే నాన్నలందరూ ఆశీర్వదించే నాన్నలే అవుతారు కదా, నాకు భయమేసేది అక్కడే.

పాతలిపి

చేదునిజం గారూ, మీరు రాసింది రెండుసార్లు చదివాను. చరిత్రలో దీనికి అద్దం లాంటి ఒక బొమ్మ ఉంది. బెర్లిన్ మ్యూజియంలో ఉన్న గుండ్రటి చెక్క పలక, దాదాపు 1,800 ఏళ్ళ నాటిది. రోమన్ చక్రవర్తి సెప్టిమియస్ సెవెరస్, భార్య, ఇద్దరు కొడుకులు రంగుల్లో ఉంటారు. ఆ పిల్లల్లో ఒకడికి ముఖం లేదు. క్రీ.శ. 211లో అన్న కారకల్లా తమ్ముడు గేటాని చంపించి, రాజ్యంలో ఎక్కడా వాడి పేరూ బొమ్మా ఉండకూడదన్నాడు. ఎవరో ఆ చిన్న ముఖాన్ని గీకేశారు. మెడ, బట్టలు అన్నీ ఉన్నాయి, పైన మాత్రం మరక. ఇప్పుడు ఆ పలక ముందు నిలబడినవాళ్ళ చూపు మొదట పడేది ఆ మరక మీదే.

ఈజిప్టులో రాణి హాట్‌షెప్‌సుట్‌కీ అదే చేశారు, పోయిన కొన్నేళ్ళకు ఆమె విగ్రహాలు పగలగొట్టి, రాళ్ళమీద పేరు చెక్కి తీసేశారు. అక్కడివాళ్ళ నమ్మకం ప్రకారం పేరు నిలవకపోతే అవతలి లోకంలో మనిషికి ఉనికి ఉండదు, అంటే అది రెండో చావు. చెడ్డవన్నీ కప్పి దేవుణ్ణి చేయడం, ముఖమే గీకేయడం, రెండూ ఒకే పనని నాకనిపిస్తుంది. రెండిట్లోనూ ఉన్న మనిషి మిగలడు. మీ సైకిల్ సాయంత్రం, గోడ అవతలి ఏడుపు రెండూ ఒకేచోట రాసిపెట్టండి, ఎవరికీ చూపించకపోయినా సరే.

వానచినుకు

నేను ఎప్పుడూ చదివి వెళ్ళిపోయేదాన్ని, ఇవాళే మొదటిసారి రాస్తున్నాను. మీ అందరికీ గుర్తుంచుకోవడానికి ఒక గొంతో, ఒక సైకిలో ఉన్నాయి. నా బిడ్డ తొమ్మిదో నెలలో కడుపులోనే పోయింది. ఆరేళ్ళయింది. ఏడుపు వినలేదు. ఫోటో తీయనివ్వలేదు, చూస్తే మర్చిపోలేవమ్మా అని పెద్దవాళ్ళు పక్కకి తీసుకెళ్ళారు. నేను చూసింది ఒక్క పాదం, తువ్వాలు జారితే కనిపించింది, వేళ్ళు ముడుచుకుని ఉన్నాయి. పేరు అనుకున్నాం కానీ ఏ కాగితం మీదా లేదు. ఇప్పుడు నాకు ఇంకో బాబు ఉన్నాడు. ఎంతమంది పిల్లలని ఎవరైనా అడిగితే ఒక్కడే అంటాను. అన్న ప్రతిసారీ ఆ పాదం కళ్ళముందుకు వస్తుంది.

పరలోకం ఉంటే అక్కడ ఇలాంటి పిల్లలకు చోటుందా? ఏ పుస్తకంలోనైనా వీళ్ళ గురించి ఉందా? నిజంగా అడుగుతున్నాను.

పాతలిపి

ఉందండీ. అదీ చాలా పాత రాతల్లోనే ఉంది.

4,000 ఏళ్ళకు దగ్గరి సుమేరియన్ (ఇప్పటి ఇరాక్ ప్రాంతం) మట్టి పలకల మీద గిల్గమేష్ అనే రాజు కథ ఒకటి ఉంది. ఆయన సేవకుడు ఎంకిడు పాతాళానికి వెళ్తాడు, అక్కడ చిక్కుకుపోయినవాడి ఆత్మ ఒక రంధ్రం గుండా పైకి వస్తే గిల్గమేష్ అతణ్ణి కౌగిలించుకుని, చనిపోయినవాళ్ళు అక్కడ ఎలా ఉన్నారని ఒక్కొక్కరి గురించీ అడుగుతాడు. ఒక్క కొడుకున్నవాడు, ఏడుగురున్నవాడు, తలచుకునేవాళ్ళే లేనివాడు, ఇలా పెద్ద వరస. తలచుకునేవాళ్ళు లేనివాడు వీధిలో పారేసిన మెతుకులు ఏరుకుంటున్నాడు అంటాడు. ఆ చివర గిల్గమేష్ అడుగుతాడు, బతుకంటే ఏమిటో తెలియకుండానే పోయిన నా పసిబిడ్డలను చూశావా అని. చూశాను, వాళ్ళు బంగారు వెండి బల్ల దగ్గర ఆడుకుంటున్నారు, దాని నిండా తేనె, నెయ్యి ఉన్నాయి అంటాడు ఎంకిడు. ఆ పాతాళమంతా చీకటీ దుమ్మూ ఆకలీ. అందులో ఆ పిల్లలకు మాత్రం ఎవరో తేనె పెట్టారు. ఏ తల్లి అడిగితే ఏ కవి అలా రాశాడో మనకు తెలిసే దారి లేదు.

ఆ తర్వాతి కాలాల్లో అందరూ అంత దయగా లేరు. ఐర్లండ్‌లో జ్ఞానస్నానం కాకుండా పోయిన పిల్లలను చర్చి శ్మశానంలోకి రానిచ్చేవాళ్ళు కాదు, పొలాల గట్ల మీదా, పాడుబడ్డ కోటల పక్కనా, చాలాసార్లు రాత్రిపూట పాతిపెట్టేవాళ్ళు, గుర్తుకు ఒక మామూలు రాయి. ఇరవయ్యో శతాబ్దంలో కూడా అలా చేశారు. ఆ పిల్లలు స్వర్గానికీ నరకానికీ కాని ఒకచోట ఉండిపోతారన్న భావన వందల ఏళ్ళు నడిచింది. 2007లో వాటికన్ వేసిన వేదాంతుల కమిషన్, వాళ్ళు దేవుణ్ణి చేరతారని ఆశపడటానికి గట్టి కారణాలున్నాయని రాసింది. అప్పటికి ఆ తల్లుల్లో చాలామంది పోయారు.

చెట్టునీడ

అమ్మా వానచినుకూ, పైన నేను పెద్ద మాటలు రాశాను, నీ ప్రశ్నకు నా దగ్గర అంత పెద్ద మాటేమీ లేదు. బిడ్డకు అనుకున్న పేరు చెప్పాలనిపిస్తే ఇక్కడ చెప్పు. చెప్పాలనిపించకపోతే నీ మనసులోనే ఉంచుకో. ఎంతమంది అని నేనడిగితే మాత్రం ఇద్దరని చెప్పు తల్లీ.

వానచినుకు

పేరు నాలోనే ఉంచుకుంటాను, మా ఇద్దరికే తెలిసినది అదొక్కటే. కానీ అడిగినందుకు... ఆరేళ్ళలో ఎవరూ అడగలేదు. బల్ల దగ్గర ఆడుకుంటున్నారన్న మాట మా ఆయనకు చదివి వినిపించాను. ఏమీ అనలేదు, లేచి వెళ్ళి బాబు పక్కన పడుకున్నారు.

రాత్రిడ్యూటీ

చెల్లీ, మీరు రాసినందుకు చాలా సంతోషం. చూస్తే మర్చిపోలేవన్న సలహా ఒకప్పుడు ఆసుపత్రుల్లో కూడా ఇచ్చేవాళ్ళం. ఇప్పుడు చాలా చోట్ల తల్లీతండ్రీ కోరుకుంటే బిడ్డను చేతికిస్తారు, పాదాల ముద్ర తీసిస్తారు. మీకు ఆ రోజు ఎవరూ ఆ మాట అడగలేదు, అది మీ తప్పు కాదు.

తర్కం_మాత్రమే

ఈ చర్చ మొదట్లో నేను రాసిన తీరు నాకే నచ్చడం లేదు. పరలోకం మీద నా అభిప్రాయం మారలేదు, ఆ బల్ల ఎక్కడా లేదనే అనుకుంటాను. కానీ ఆ బల్లను ఊహించినవాళ్ళు నాకంటే బాగా ఆలోచించారు. లెక్కలోకి రాని ఒక పిల్ల ఉందని ముందు గమనించారు, ఆ తర్వాతే ఆమెకు చోటు కట్టారు.

లెక్కలోకి రావడం అంటే గుర్తొచ్చింది. వాషింగ్టన్‌లో వియత్నాం యుద్ధ స్మారకం ఉంది, నల్ల గ్రానైట్ గోడ, 58,000కు పైగా పేర్లు. మాయా లిన్ దాని డిజైన్ పోటీ గెలిచినప్పుడు ఆమెకు 21 ఏళ్ళు, ఇంకా చదువుకుంటోంది. 1982లో తెరిచారు. పేర్లు ర్యాంకుల ప్రకారం ఉండవు, పోయిన రోజుల వరసలో ఉంటాయి, కలిసి పోయినవాళ్ళు గోడమీద కూడా పక్కపక్కనే. రాయి ఎంత నున్నగా ఉంటుందంటే పేరు వెతుకుతున్న మనిషికి ఆ అక్షరాల మధ్య తన ముఖమే కనబడుతుంది. కాగితం ఆనించి పెన్సిల్‌తో రుద్ది పేరు తీసుకెళ్తారు. స్వర్గం, త్యాగం అన్న మాటలతో పనిలేకుండా ఇంత మంచి స్మారకం కట్టొచ్చని నేను ఎప్పుడూ ఉదాహరణగా చెప్తుంటాను. కాకపోతే అదే యుద్ధంలో పోయిన వియత్నాం మనుషులు లక్షల్లో ఉన్నారు, ఆ గోడమీద వాళ్ళ పేరు ఒక్కటీ లేదు. ఇంతకాలం ఆ గోడని మెచ్చుకుంటూ నేను ఆ సంగతి ఆలోచించలేదు.

పాతలిపి

అక్కడ పరాయి దేశంవాళ్ళు కాబట్టి వదిలేశారనుకుందాం, సొంత సైన్యంలో పోయినవాళ్ళనే వదిలేసినవాళ్ళున్నారు. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత బ్రిటిష్ సామ్రాజ్యం హోదా, మతం, జాతి తేడా లేకుండా ప్రతి సైనికుడికీ ఒకేలాంటి గుర్తు అని నియమం పెట్టుకుంది. యూరప్‌లో చాలావరకు పాటించారు కూడా. ఆ సమాధులు చూసే సంస్థే 2021లో విచారణ నివేదిక బయటపెట్టింది, కనీసం 1,16,000 మందికి, బహుశా 3,50,000 మంది దాకా, పేరుతో గుర్తు లేదు, కొందరికి అసలు ఏ గుర్తూ లేకపోవచ్చని. వాళ్ళలో ఎక్కువమంది తూర్పు ఆఫ్రికా, ఈజిప్ట్ వాళ్ళు, బరువులు మోయడానికి తీసుకెళ్ళినవాళ్ళు చాలామంది. పేరు చెక్కినా వాళ్ళకు అర్థం కాదని అప్పటి అధికారులు అనుకున్నారు. వందేళ్ళ తర్వాత సంస్థ క్షమాపణ చెప్పింది.

దీనికి ఎదురు మంచి ఉదాహరణ ఒకటి చెప్పకపోతే నిద్రపట్టదు. ఆమ్‌స్టర్‌డామ్‌లో ఎవరూ లేకుండా పోయినవాళ్ళ అంత్యక్రియలకు 2002 నుంచి ఒక కవి వెళ్తున్నాడు. అద్దె గదిలో ఒంటరిగా పోయినవాళ్ళు, పేరు కూడా తెలియని శవాలు. ఆ మనిషి గురించి దొరికిన నాలుగు ముక్కలు, గది ఎలా ఉంది, గోడమీద ఏముంది, అవి తీసుకుని ఆ ఒక్క మనిషి కోసమే కవిత రాసి పెట్టె దగ్గర చదువుతారు. వినేది శవపేటిక మోసే నలుగురు, ఒక ఉద్యోగి. కవులు వంతులవారీగా మారుతుంటారు.

కోడ్‌రాసేవాడు

ఆ కవులు తెలియనిది కల్పిస్తారా?

పాతలిపి

లేదు. నేను చదివినవాటిలో తెలియనిది తెలియదనే ఉంటుంది. నీ పేరు మాకు తెలియదు, నువ్వు ఎటు వెళ్తున్నావో తెలియదు అన్నట్టుగా నడుస్తాయి. మీ ప్రశ్న నాకు అర్థమైంది.

చేదునిజం

పాతలిపి గారు చెప్పినట్టు నిన్న రాత్రి రాయడం మొదలుపెట్టాను. రెండు పేజీలయింది. సైకిల్ గురించి రాస్తే చేయి ఆగలేదు, రెండోది రాయడానికి చాలాసేపు పట్టింది. అమ్మ చూసి ఏం రాస్తున్నావంది. నాన్న గురించి అన్నాను. "కొట్టింది కూడా రాయి" అంది. అంతకుముందు ఆ మాట ఆమె నోటినుంచి ఎప్పుడూ వినలేదు.

చెట్టునీడ

ఆమెను మెల్లగా మాట్లాడనివ్వు నాయనా. తొందరపెట్టకు.

పాతలిపి

కెన్యాకు చెందిన మత తత్వవేత్త జాన్ ఎంబిటి 1969లో రాసిన ఒక ఆలోచన ఇక్కడ చెప్పాలనుంది. ఆఫ్రికాలో చాలా సమాజాల్లో పోయినవాళ్ళు వెంటనే పూర్తిగా పోరంటాడు. వాళ్ళను ముఖాముఖి చూసి, పేరు పెట్టి తలచుకునే ఆఖరి మనిషి ఉన్నంతవరకు వాళ్ళు 'బతికున్న మృతులు', నాలుగైదు తరాల దాకా అలా ఉంటారు. ఆ ఆఖరి మనిషి కూడా పోయాక పేరులేని పూర్వీకుల గుంపులో కలుస్తారు. ఆఫ్రికా మొత్తానికి ఇది వర్తించదని ఆయన్ని విమర్శించినవాళ్ళున్నారు, అది వేరే చర్చ. నాకు పట్టుకున్నది ఏమిటంటే, నర్సక్కయ్య చెప్పిన ఆ ఫోన్ నంబర్ల పుస్తకంలో కొందరి విషయంలో ఆ ఆఖరి మనిషి ఆవిడే అయ్యుంటుంది.

రాత్రిడ్యూటీ

ఆవిడ పోయాక ఆ పుస్తకం తీసుకెళ్ళడానికి ఎవరూ రాలేదు. చాలారోజులు నర్సుల సొరుగులో ఉంది. తర్వాత ఏమైందో నాకు తెలియదు, ఇవాళ మీరంతా రాసింది చదివాక వెతకలేదని బాధేస్తోంది. రేపు డ్యూటీకి వెళ్ళగానే చూస్తాను.

మూడోమెట్టు (చర్చ మొదలుపెట్టినవారు)

అందరికీ ఒకేసారి జవాబిస్తున్నాను, ఆలస్యమైనందుకు క్షమించండి. నాలుగురోజులుగా మీరు రాసినవన్నీ చెల్లికి కూడా చూపిస్తున్నాను.

నర్సు అక్క చెప్పిన ప్రశ్న దాన్ని అడిగాను, నాన్న మాట వినాలనుందా, నాన్నతో మాట్లాడాలనుందా అని. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, నాన్న ఉన్నప్పుడు ఈ అబ్బాయి సంగతి చెప్పలేదు అన్నయ్యా, చెప్తే ఏమంటారోనని భయపడి రేపు మాపు అని వాయిదా వేశాను, సరే అన్న మాట ఆయన నోట వినాలనుంది అంది. అదీ అసలు సంగతి. ఆ "సరే" మేం రాసిచ్చి మెషిన్‌తో చెప్పిస్తే అది ఆయనది కాదని దానికే తెలుసు. నాకు మొదట్నుంచీ ఒప్పుకోనిది ఇదేననుకుంటా. ఆయన సరే అనేవారో కాదో నాకు తెలియదు. రెండురోజులు ముఖం మాడ్చుకుని తిరిగి అప్పుడు సరే అనేవారేమో. ఆ రెండురోజుల కోపం కూడా ఆయనదే కదా, మనం దాన్ని ఎగరగొట్టేస్తే ఎలా.

నిన్న రాత్రి ముగ్గురం కూర్చుని అసలు మెసేజ్ విన్నాం. అమ్మ ఇంతవరకు దాన్ని ఎప్పుడూ వినలేదు, వినలేనంది, మేమూ బలవంతం చేయలేదు. నిన్న తనే వినిపించమంది. తలుపు కొట్టిన చప్పుడు దగ్గరకు రాగానే చేయి పైకెత్తి మళ్ళీ పెట్టమంది. మూడుసార్లు పెట్టించింది. "ఆరోజు తాళంచెవి మర్చిపోయి వెళ్ళాను. ఆ తలుపు కొట్టింది నేనేరా" అంది.

మూడేళ్ళుగా ఆ "ఆ, వస్తున్నా" ఎవరితో అన్నారో నాకు తెలియదు.

కోడ్‌రాసేవాడు

ఆ చప్పుడు కత్తిరించేయాలని రాసింది నేనే. దయచేసి ఒరిజినల్ ఫైల్ ముట్టుకోకండి, శుభ్రం చేయొద్దు, సౌండ్ పెంచొద్దు. మూడు కాపీలు చేశారా?

మూడోమెట్టు (చర్చ మొదలుపెట్టినవారు)

చేశాను. ఒకటి చెల్లి ఫోన్‌లో, ఒకటి నా కంప్యూటర్‌లో, ఒకటి అమ్మ ఫోన్‌లో. పెళ్ళిలో ఏం చేయాలో చెల్లి ఇంకా తేల్చుకోలేదు. అమ్మకి మాత్రం ఫోన్‌లో అది ఎక్కడ నొక్కితే వస్తుందో పొద్దున్న నేర్పించాను, ఇప్పుడు పక్క గదిలోంచి వినబడుతోంది.